పంపు మార్చినా తగ్గని బరువు

మా నాన్న కారు నడుపుతారు. కారు సొంతమే గానీ తిరిగేది కిరాయికి. పెళ్ళిళ్ళకీ, తిరుపతికీ, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకీ వెళ్తుంటారు. పోయిన దసరా సెలవులకి నేను హాస్టల్ నుంచి విజయవాడ వెళ్ళేసరికి ఆయన కుడి భుజానికి నొప్పి మందు రాసుకుంటూ కూర్చున్నారు. ఏమైందని అడిగితే, "స్టీరింగ్ టైట్ అయిందమ్మా. బండి వెనక్కి తిప్పాలంటే వడ్ల బస్తా లాగినట్టుంది" అన్నారు. ఆ తర్వాత మామూలుగానే ఇంకో మాట అన్నారు: "నువ్వు మెకానికలే కదా, ఎందుకు అలా అవుతుందో చెప్పు."

నేను థర్డ్ ఇయర్. ఎకర్మన్ స్టీరింగ్ బొమ్మ గీసి సమీకరణం రాబట్టమంటే నిద్రలో లేపినా రాబడతాను. ర్యాక్ అండ్ పినియన్ బొమ్మ గీసి భాగాలకి పేర్లు పెట్టమన్నా పెడతాను. కానీ నాన్న అడిగింది ఆ రెండూ కాదు. అందుకని నాకు తోచింది చెప్పేశాను: "పవర్ స్టీరింగ్ పంపు వీక్ అయి ఉంటుంది నాన్నా." మర్నాడు షెడ్డులో కుర్రాడు కూడా అదే అన్నాడు, బానెట్ ఎత్తకముందే. చదువుకున్న కూతురూ, పని తెలిసిన మెకానిక్కూ ఒకే మాట చెప్తే ఇంక అనుమానం ఎందుకుంటుంది? రిపేరు చేసిన పంపు, ఆయిలు, కూలి అన్నీ కలిపి 9,200 రూపాయలు అయ్యాయి.

ఒక రోజు తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది. డబ్బు పెట్టాం కాబట్టి అలా అనిపించి ఉంటుంది. మూడో రోజుకి నాన్న మళ్ళీ భుజం పట్టుకున్నారు. షెడ్డుకి వెళ్తే, "అయితే ర్యాక్ పోయినట్టే. మొత్తం సెట్టు మార్చాలి, 24 వేలు" అన్నాడు. అది మా ఇంట్లో రెండు నెలల కారు కిస్తీ కన్నా ఎక్కువ. నాన్న ఏమీ అనలేదు. నేనూ అనలేదు, ఎందుకంటే మొదటి తప్పు మాట నాదే.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తర్వాత జరిగిన ఒక గంట. నాన్నతో పాటు స్టాండ్‌లో ఉండే ఇంకో డ్రైవర్ బాబాయ్, ఆటోనగర్ లోపలి వరసలో ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడనీ, 24 వేలు పెట్టేముందు ఆయనకి ఒకసారి చూపించమనీ చెప్పాడు. వెళ్ళాం. ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని నాన్నని ఒక ప్రశ్న అడిగాడు.

"బరువుగా ఉంటుందా, పట్టేస్తోందా?"

నాన్న ఒక్క క్షణం ఆగి, గాల్లోనే స్టీరింగ్ తిప్పి చూసుకుని అన్నారు: "పట్టేస్తోందండీ. పట్టి వదుల్తోంది, మళ్ళీ పడుతోంది."

ఆ జవాబు నెల రోజులుగా మా నాన్న చేతుల్లోనే ఉంది. ఎవరూ అడగలేదు. షెడ్డు కుర్రాడు అడగలేదు, మెకానికల్ ఇంజినీరింగ్ చదివే నేనూ అడగలేదు. నాన్న "టైట్" అన్న వెంటనే మా ఇద్దరికీ పంపు గుర్తొచ్చింది, వినడం అక్కడితో ఆపేశాం.

మన తెలుగు సాహితీ క్లబ్బులో ఈ సంగతి చెప్పడానికి అదే కారణం. ఆ రెండు మాటల మధ్య తేడా ఎంతో చూడండి. 'బరువు' అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండేది. ముందు టైర్లలో గాలి తగ్గినా, బెల్టు జారినా, ఆయిల్ తగ్గినా, పంపు నీరసించినా స్టీరింగ్ అలా బరువెక్కుతుంది. 'పట్టేయడం' అంటే ఒకచోట బిగిసి, ఇంకోచోట వదలడం. అంటే తిరిగే భాగం ఏదో ఇరుక్కుంటోందన్నమాట. 'గుంజుతోంది' అంటే బండి ఒక పక్కకి పోతోందని. 'ఆడుతోంది' అంటే లూజు ఉందని. 'తిరిగి రావట్లేదు' అంటే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి రావట్లేదని. మన మేస్త్రీల, డ్రైవర్ల మాటల్లో ఒక్కో జబ్బుకి ఒక్కో పేరుంది. మనం వాటన్నిటినీ 'హార్డ్ స్టీరింగ్' అనే ఒకే డబ్బాలో పడేసి, దానికి ఒకే మందు రాస్తున్నాం.

మేస్త్రి ఇంకొన్ని ప్రశ్నలు అడిగాడు. ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? రెండు పక్కలకీ ఒకేలా ఉందా? నిలబెట్టినప్పుడేనా, నడుస్తున్నప్పుడు కూడానా? పూర్తిగా తిప్పితే కీచుమంటుందా? బండికి ఎక్కడైనా దెబ్బ తగిలిందా? చివరగా అడిగాడు: "నీళ్ళలో ఉందా?"

ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధిలో కారు రెండు రోజులు నీళ్ళలోనే నిలబడింది. కాళ్ళ దగ్గర మ్యాటు మునిగేదాకా వచ్చాయి నీళ్ళు. నాన్న ఇంజన్ స్టార్ట్ చేయలేదు కాబట్టి ఇంజన్ దక్కింది. మ్యాట్లు ఎండబెట్టాం, ఆయిళ్ళు మార్చాం, బ్రేకులు విప్పించాం. అంతటితో అయిపోయిందనుకున్నాం.

అప్పుడు లేచాడు మేస్త్రి. చేసిన పనులు వరసగా చెప్తాను, ఎందుకంటే అసలు చదువంతా ఆ వరసలోనే ఉంది. ముందు గేజీ పెట్టి ముందు టైర్లలో గాలి చూశాడు: 32, సరిపోయింది. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూశాడు: గీతల మధ్యే ఉంది, నురగ లేదు. నురగ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు. ఈ మూడింటికీ పది నిమిషాలు పట్టలేదు, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. మాకు పంపు మార్చినప్పుడు ఈ మూడింట్లో ఒక్కటీ ఎవరూ చూడలేదు.

తర్వాత ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద కొద్దిగా బలం పెట్టి అలాగే పట్టుకుని, నాన్నని తాళం తిప్పమన్నాడు. ఇంజన్ అందుకోగానే స్టీరింగ్ చేతిలో కొంచెం కదిలింది. "సాయం వస్తోంది. పంపు బాగానే ఉంది. పాత పంపు కూడా బాగానే ఉండుంటుంది" అన్నాడు. నేను నేల చూపులు చూశాను.

ఆ తర్వాత ముందు భాగం జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. (ఇది ఇంట్లో ప్రయత్నించే వాళ్ళకి ఒక మాట: ఒట్టి జాకీ మీద నిలబడ్డ కారు కిందికి ఎప్పుడూ దూరకండి.) చక్రాలు గాల్లో ఉంటే రోడ్డు రాపిడి ఉండదు. అప్పుడు స్టీరింగ్ ఇంకా తేలికవ్వాలి. ఇంజన్ నడుస్తూనే ఉంది, చక్రాలు గాల్లోనే ఉన్నాయి, అయినా పట్టేస్తోంది. సుద్దముక్క తీసుకుని పట్టిన చోటల్లా స్టీరింగ్ మీద గీత పెట్టాడు. ఒక రౌండుకి రెండు గీతలు వచ్చాయి, సరిగ్గా ఎదురెదురుగా.

"పంపుకి నీ చెయ్యి ఎక్కడుందో తెలీదమ్మా. రౌండుకి రెండుసార్లు లెక్కగా పట్టేది జాయింటే" అన్నాడు నాతో.

పెడళ్ళ పైన టార్చి వేసి చూపించాడు. స్టీరింగ్ కడ్డీ వంకర తిరిగే చోట ఉండే చిన్న యూనివర్సల్ జాయింట్, ఇటుక రంగులో తుప్పు పట్టి ఉంది. విప్పి నా చేతిలో పెట్టాడు. ఒక వైపుకి సులువుగా వంగుతోంది, రెండో వైపుకి రెండు చేతులతో నొక్కితే గానీ కదలట్లేదు. దాని లోపల చిన్న చిన్న సూది బేరింగులుంటాయి. వరద నీళ్ళు లోపలికి దూరి, గ్రీజు పోయి, ఏడాది పాటు మెల్లగా తుప్పు పట్టి బిగుసుకున్నాయి. కొత్త జాయింటు 1,500. మరి కొత్త పంపు ఎందుకు సాయం చేయలేకపోయింది? ఇంటికొచ్చాక పుస్తకం తీసి కూర్చున్నాను. మా సిలబస్‌లో ఉన్న సంగతే అది.

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో ర్యాక్ దగ్గర, కడ్డీ చివర టార్షన్ బార్ అని సన్నటి ఉక్కు ముక్క ఉంటుంది. మనం స్టీరింగ్ తిప్పినప్పుడు రోడ్డు చక్రాల్ని ఆపుతుంది కాబట్టి ఆ ముక్క కొద్దిగా మెలిపడుతుంది. మెలిక ఎంతుంటే వాల్వు అంత తెరుచుకుని, పంపు తోసే ఆయిల్‌ని ర్యాక్‌లో పిస్టన్‌కి కావలసిన పక్కకి పంపుతుంది. చాలా కార్లలో ఆ పంపు అవసరమైతే 70 నుంచి 100 బార్ల ప్రెషర్ దాకా ఇవ్వగలదు. టైర్లో గాలి రెండు బార్ల పైచిలుకే, దాంతో పోల్చి చూడండి. కానీ ఆ బలమంతా మొదలయ్యేది టార్షన్ బార్ దగ్గర నుంచి కిందికి. మా కారులో ఇరుక్కున్న జాయింటు దానికి పైన, చేతికీ ఆ బార్‌కీ మధ్యలో ఉంది. అక్కడ ఎంత బిగుసుకున్నా వాల్వుకి ఆ సంగతి తెలీదు. తెలియని బరువుకి సాయం రాదు. అదంతా మోసింది మా నాన్న భుజమే. పంపు ఒకటి కాదు, పది మార్చినా ఆ బరువు తగ్గేది కాదు.

టార్షన్ బార్ పని నేను పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అయినా నాకు ఆ జాయింటు తట్టలేదు. ఎందుకంటే మన చదువులో ప్రశ్న ఎప్పుడూ తయారుగా వస్తుంది. 'ఇంత ప్రెషర్, ఇంత పిస్టన్ వైశాల్యం, బలమెంత?' అని అడుగుతారు. ఏది చెడిందో కనుక్కోమని ఎవరూ అడగరు. ల్యాబ్‌లో కోసి రంగులేసిన స్టీరింగ్ మోడల్ ఉంటుంది, వైవాలో భాగాల పేర్లు అడుగుతారు. ఆ మోడల్‌కి జబ్బు రాదు. జబ్బు లేని యంత్రాన్ని నాలుగేళ్ళు చదివి, జబ్బుతో వచ్చిన యంత్రం ముందు నిలబడితే మనం కూడా ఊహే చెప్తాం. కాకపోతే మన ఊహకి డిగ్రీ మర్యాద ఉంటుంది, అదే ప్రమాదం. నాన్న నా మాట నమ్మింది నాకు తెలుసని కాదు, నేను చదువుతున్నానని.

ఇక్కడ మా రూమ్మేట్ ఒకటంది: "ఇప్పుడొచ్చే కార్లన్నీ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగే కదే, పంపూ లేదు ఆయిలూ లేదు. స్కానర్ పెడితే అదే చెప్తుంది." నిజమే. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అమ్మకానికొచ్చిన హైడ్రాలిక్ పద్ధతి దశాబ్దాల పాటు రాజ్యమేలింది. 1988లో సుజుకీ సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ పద్ధతి ఇవాళ చాలా చిన్న కార్లలోకి వచ్చేసింది. కానీ స్కానర్ చెప్పేది ఫిర్యాదు ఎక్కడ నుంచి వచ్చిందో మాత్రమే. 'మోటారుకి వోల్టేజి తక్కువ' అని కోడ్ వస్తే తప్పు మోటారుదే కానక్కర్లేదు. బ్యాటరీ ముసలిదై ఉండొచ్చు, ఆల్టర్నేటర్ ఛార్జి చేయకపోయి ఉండొచ్చు, టెర్మినల్ మీద తెల్లటి బూజు పేరుకుని ఉండొచ్చు. కోడ్ చూసి మోటారు మార్చినవాడూ, 'టైట్' అని విని పంపు మార్చిన నేనూ ఒకటే. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా చిన్న కార్లలో ఆ మోటారు స్టీరింగ్ కడ్డీ మీద, అంటే ఆ జాయింటుకి పైనే ఉంటుంది. అందులో జాయింటు బిగుసుకుంటే కొంత బరువు మోటారే మోసేస్తుంది, జబ్బు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. కాబట్టి మా మేస్త్రి జవాబు ప్రతి కారుకీ పనికి రాదు. ఆయన అడిగిన తీరు మాత్రం ప్రతి కారుకీ పనికొస్తుంది.

సరే, షెడ్డు కుర్రాడు మోసగాడా? కాదనే అనుకుంటున్నాను. ఈ సంగతి చెప్పకపోతే వ్యాసం సగమే రాసినట్టు. పంపులు నిజంగానే పాడవుతాయి. రోజుకి నాలుగైదు బళ్ళు చూడాలి అతను. గంటసేపు ప్రశ్నలడిగి, గేజీ పెట్టి, చివరికి "టైర్లో గాలి తక్కువుందండీ, 300 ఇవ్వండి" అంటే ఇచ్చేవాళ్ళు ఎంతమంది? "గాలి కొట్టినందుకు 300 ఏంటి?" అంటాం. అదే పాత పంపు విప్పి చేతిలో పెట్టి, కొత్తది బిగిస్తే నోరెత్తకుండా వేలల్లో ఇస్తాం. మనం సామానుకి డబ్బిస్తాం గానీ చూపుకి ఇవ్వం. డాక్టరు మందు రాయకుండా "ఏం లేదు, బాగా నిద్రపో" అంటే ఫీజు దండగైనట్టు అనిపించదూ? అలాంటిదే ఇదీ. కనిపెట్టినందుకు ఎవరూ డబ్బివ్వని చోట, మార్చడమే వైద్యం అవుతుంది.

ఇది నీతి చెప్పడానికి రాయట్లేదు, నా ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను. మేస్త్రి జాయింటు బిగించి కూలి 800 అడిగాడు. నాన్న, "ఒక్క జాయింటే కదండీ మార్చింది, 500 తీసుకోండి" అన్నారు. నాకూ న్యాయంగానే అనిపించింది. ఆయన నవ్వి తీసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు వారధి దగ్గర నాన్న ఒంటి చేత్తో బండి తిప్పారు. అప్పుడు లెక్క వేసుకున్నాను: తప్పు జవాబుకి 9,200 ఇచ్చాం, ఒక్క రూపాయి బేరమాడలేదు. సరైన జవాబులో 300 కోశాం.

అందుకని నేను అడిగేవి రెండు. ఒకటి మన డిపార్ట్‌మెంటుని. ల్యాబ్ పరీక్షలో ఒక్క ప్రశ్నైనా దోషం వెతికేది పెట్టండి. కొత్త పరికరాలేమీ కొనక్కర్లేదు. షెడ్డులో ఉన్న పాత కారుకి ఎవరికీ చెప్పకుండా ముందు టైర్లలో గాలి 18కి దించండి, లేదా బెల్టు వదులు చేయండి, లేదా బ్యాటరీ టెర్మినల్ లూజు చేయండి. డ్రైవర్ పాత్రలో ఒకరిని కూర్చోబెట్టండి. ప్రతి పరీక్షకీ ఒక ధర పెట్టండి: ప్రశ్న అడగడం ఉచితం, గేజీ పెట్టడం అయిదు రూపాయలు, జాకీ లేపడం వంద, ఒక భాగం విప్పితే వెయ్యి. ఎవరు తక్కువ ఖర్చుతో దోషం దగ్గరికి చేరితే వాళ్ళకి ఎక్కువ మార్కులు. జవాబు తప్పైనా వరస సరిగ్గా ఉంటే సగం మార్కులు ఇవ్వండి. ఊహించి కొట్టి జవాబు సరైనా సగమే ఇవ్వండి. ఆ లెక్కన నాకు సున్నా వచ్చేది, అది నాకు రావలసిన మార్కే.

రెండోది మిమ్మల్ని. ఇంటికెళ్ళినప్పుడు నాన్నో, మావయ్యో "స్టీరింగ్ టైట్‌గా ఉందిరా" అంటే వెంటనే భాగం పేరు చెప్పకండి. ముందు అడగండి. తర్వాత గాలి, ఆయిల్, బెల్టు చూడండి. ఎలక్ట్రిక్ అయితే మీటరు దగ్గర స్టీరింగ్ లైటు వెలుగుతోందా, బ్యాటరీ టెర్మినళ్ళు ఎలా ఉన్నాయో చూడండి. ఇంజన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి తేడా చూడండి. బండి నీళ్ళలో నిలబడి ఉంటే ఆ మాట మెకానిక్‌కి ముందే చెప్పండి. ఇంకో మాట: నడుస్తుండగా సాయం ఒక్కసారిగా పోతే కంగారుపడి తాళం తీసేయకండి. స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ చక్రాలతో బంధం తెగిపోదు. రెండు చేతులతో గట్టిగా పట్టి, వేగం తగ్గించి, పక్కకి తీసుకుని ఆపండి.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నతో మళ్ళీ ఆ మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఈసారి వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడు. "ఏం మార్చాలి?" అన్నాడు ఆయన, ఆటపట్టిస్తున్నట్టు. నాన్న సీట్లోంచి దిగి అన్నారు: "ఏమీ మార్చకండి. ముందు చూడండి. చూసినందుకు ఎంతో అది చెప్పండి, ఈసారి బేరం లేదు."